ముక్కూమొహం తెలియని అమ్మకందారుకు ఆన్‌లైన్‌లో డబ్బు పంపేటప్పుడు: ఖర్చు ఎంత, రక్షణ ఎక్కడ

అనంతపురంలో ఇంట్లో కూర్చుని ధర్మవరం మగ్గం మీది పట్టుచీరను వాట్సాప్‌లో చూసి కొనడం, బెంగళూరులో ఎవరో వాడి అమ్ముతున్న ల్యాప్‌టాప్‌కో మోటారు సైకిలుకో ప్రకటన చూసి బేరం కుదుర్చుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. ఇలాంటి కొనుగోలులో సరుకు మన గడప తొక్కడానికి మూడు రోజులో వారమో పడుతుంది; డబ్బు మాత్రం పిన్ నొక్కిన కొన్ని క్షణాల్లో అవతలి ఖాతాలో పడిపోతుంది. ఆ నడుమ రోజుల్లో మన సొమ్ముకు పూచీ ఎవరు అనే ప్రశ్నకు డబ్బు పంపకముందే జవాబు వెతుక్కోవాలి. అది ఎలాగో, ఏ దారిలో ఎంత రుసుము పడుతుందో, తేడా వస్తే ఏ తలుపు తట్టాలో ఇక్కడ వరుసగా చెబుతాను.

ఒకప్పుడు మనియార్డరు చేస్తే ప్రతి ఇరవై రూపాయలకూ ఒక రూపాయి కమీషను కట్టేవాళ్ళం. విజయవాడ నుంచి పుస్తకాలు తెప్పించుకుంటే వి.పి.పి.లో వచ్చేవి, పోస్ట్‌మ్యాన్ డబ్బు తీసుకున్న తరువాతే కట్టను మన చేతికిచ్చేవాడు. వి.పి.పి.కి మనం కట్టిన రుసుములో ఆ మధ్యవర్తి పనికి ఇచ్చిన కూలి కూడా ఉండేది. యూపీఐలో వ్యక్తి నుంచి వ్యక్తికి పంపే డబ్బుకు రుసుము లేదు, దానితోపాటే సరుకు అందేదాకా డబ్బును పట్టి ఉంచే మధ్యవర్తీ లేడు. ఈ సంగతి గుర్తుంటే కింద చెప్పే జాగ్రత్తలు ఎందుకు అవసరమో సులువుగా బోధపడుతుంది.

మొదటి పని: అమ్మేది వ్యాపారా, వ్యక్తా అని తేల్చుకోవడం

ఈ తేడాను చాలామంది పట్టించుకోరు, కానీ చట్టం ఇచ్చే రక్షణ అంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది. 2020 జూలై 20న అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం వ్యాపారంగా సరుకు అమ్మేవారి మీదే వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళగలం. అంగడి లేకపోయినా, ఇంట్లోనే ఉండి వాట్సాప్ గ్రూపులో వారానికి పది చీరలు అమ్మే ఆమె చేసేది వ్యాపారమే. తన పాత ఫోనును ఒక్కసారి అమ్ముకునే ఉద్యోగి చేసేది వ్యాపారం కాదు. అతనితో తగువు వస్తే అది సివిల్ కోర్టులో తేలవలసిందే, మోసం జరిగి ఉంటే పోలీసుల దగ్గర తేలవలసిందే. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం వర్ణన చెప్పి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలనే షరతు ఇద్దరికీ వర్తిస్తుంది కాబట్టి, అమ్మేవారు ఎవరైనా సరే, సరుకు గురించి వారు చెప్పిన మాటలను రాతలో ఉంచుకోవడం మీకు పనికొస్తుంది. ఇంకొక సంగతి: చీరలు కొని మళ్ళీ అమ్ముకోవడానికే మీరు తెప్పించుకుంటుంటే వినియోగదారుల రక్షణ చట్టం మిమ్మల్ని వినియోగదారుగా లెక్కించదు.

కాబట్టి బేరం మొదలుపెట్టగానే అడగండి: ఇది మీ సొంతానికి వాడిన వస్తువా, మీరు అమ్మకాలు చేస్తుంటారా, బిల్లు ఇస్తారా, జీఎస్టీ నంబరు ఉందా. చిన్న నేతగాళ్ళకు జీఎస్టీ నంబరు లేకపోవడంలో తప్పేమీ లేదు. కానీ పేరు, చిరునామా, సరుకు వివరం, ధర ఉన్న చేతిరాత చీటీ ఫొటో తీసి పంపమంటే కూడా సాకులు చెప్పేవారితో బేరం అక్కడే ఆపేయడం మంచిది.

ఏ దారిలో పంపితే ఎంత పడుతుంది

యూపీఐలో మీ బ్యాంకు ఖాతా నుంచి మరొక వ్యక్తి ఖాతాకు పంపితే మీకు ఖర్చు ఉండదు. సాధారణంగా రోజుకు లక్ష రూపాయల దాకా పంపవచ్చు, కొన్ని బ్యాంకులు అంతకన్నా తక్కువ పరిమితి పెడతాయి. అంగళ్ళలో యూపీఐతో చెల్లించేటప్పుడు కూడా 2020 జనవరి 1 నుంచి వ్యాపారి దగ్గర ఎండీఆర్, అంటే చెల్లింపు మీద వ్యాపారి కట్టే రుసుము, వసూలు చేయడం లేదు. వాలెట్‌లో ఉన్న డబ్బుతో యూపీఐ ద్వారా వ్యాపారికి 2,000 రూపాయలు దాటి చెల్లిస్తే 1.1 శాతం దాకా ఇంటర్‌చేంజ్ అనే రుసుము ఉన్నా, అది కొనేవారి మీద పడేది కాదు. అందువల్ల "యూపీఐ చార్జీలకు ఇంకో రెండు శాతం కలిపి పంపండి" అని ఎవరైనా అంటే ఆ మాటకు ఆధారం లేదని తెలుసుకోండి.

బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు వెంటనే డబ్బు చేర్చే ఐఎంపీఎస్‌లో ఒక్కసారికి ఐదు లక్షల దాకా పంపవచ్చు, రుసుము బ్యాంకును బట్టి మారుతుంది. ఉదాహరణకు భారతీయ స్టేట్ బ్యాంకు 2025 ఆగస్టు 15 నుంచి ఆన్‌లైన్‌లో 25,000 రూపాయల వరకు ఉచితంగా ఉంచి, అక్కడి నుంచి లక్ష వరకు 2 రూపాయలు, రెండు లక్షల వరకు 6, ఐదు లక్షల వరకు 10 రూపాయలు, వాటిపై జీఎస్టీ తీసుకుంటోంది. నెఫ్ట్‌ను సేవింగ్స్ ఖాతాదారులు ఆన్‌లైన్‌లో వాడితే 2020 జనవరి నుంచి రుసుము లేదు; బ్యాంకు శాఖకు వెళ్ళి ఫారం నింపి పంపితే మాత్రం పదివేల వరకు రెండున్నర రూపాయలు, లక్ష వరకు 5, రెండు లక్షల వరకు 15, ఆపైన 25 రూపాయల దాకా, వాటిపై జీఎస్టీ పడవచ్చు. రెండు లక్షలు, అంతకు మించిన మొత్తానికి ఆర్‌టీజీఎస్ ఉంది. పాత కారు కొనేవారికి తప్ప ఇది పెద్దగా అవసరపడదు.

ఈ నాలుగింటిలో దేనికీ కొనుగోలుదారుకు రక్షణ అనేది లేదు. ఖర్చు తేడాలు కాఫీ డబ్బులంత కూడా ఉండవు కాబట్టి వాటిని చూసి దారి ఎంచుకోవడం అనవసరం. నిజమైన తేడా అంతా అవతల ఉన్న ఖాతా ఎలాంటిదన్న దానిలో ఉంది. వ్యాపారి క్యూఆర్‌కు చెల్లించి సరుకు రాకపోతే యూపీఐ ఫిర్యాదులో "వస్తువు అందలేదు" అనే కారణం ఎంచుకునే వీలుంటుంది. వ్యక్తి ఖాతాకు పంపితే, డబ్బు సక్రమంగా జమ అయినంతవరకు, ఆ వ్యవస్థ దృష్టిలో లావాదేవీ సఫలమైనట్టే. అందుకే అమ్మేవారికి వ్యాపార ఖాతా క్యూఆర్ ఉందేమో అడగండి, ఉంటే దానికే పంపండి.

కార్డుతో చెల్లించే వీలు ఉంటే రక్షణ ఇంకా మెరుగు. సరుకు రాలేదనో, చెప్పినది ఒకటి వచ్చినది ఒకటి అనో మీరు కార్డు ఇచ్చిన బ్యాంకుకు రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపితే, బ్యాంకు ఛార్జ్‌బ్యాక్ అనే పద్ధతిలో అమ్మకందారు బ్యాంకును వివరణ అడుగుతుంది. దీనికి గడువు ఉంటుంది కాబట్టి "రేపు పంపుతాం, ఎల్లుండి పంపుతాం" అనే మాటలు వింటూ నెలలు గడపకూడదు. అయితే మామూలు వ్యక్తుల దగ్గర కార్డు తీసుకునే ఏర్పాటు ఉండదు, రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకున్నా అది వ్యాపారులకు చెల్లించడానికే పనిచేస్తుంది.

పాత నాణేలు, తపాలా బిళ్ళలు, కెమెరా భాగాలు విదేశాల నుంచి తెప్పించుకునేవారు పేపాల్ వాడుతుంటారు. మన దేశంలోపలి చెల్లింపులను పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి ఆపేసింది, విదేశీ అమ్మకందారుకు చెల్లించడానికి మాత్రం ఉపయోగపడుతుంది. అక్కడ మీరు ప్రత్యేకంగా రుసుము కట్టినట్టు కనిపించకపోయినా, రూపాయలను డాలర్లలోకి మార్చే రేటులో వారి లాభం కలిసి ఉంటుంది, కాబట్టి చెల్లించే ముందు ఆ రేటును చూసుకోండి. చెల్లించిన 180 రోజుల లోపల వివాదం నమోదు చేయవచ్చు; అమ్మకందారుతో మాటలు తెగకపోతే 20 రోజుల లోపల దానిని క్లెయిముగా మార్చాలి, లేకపోతే అది దానంతట అదే మూతపడిపోతుంది. "ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ" పద్ధతిలో పంపమని అమ్మకందారు అడిగితే ఒప్పుకోకండి, ఎందుకంటే ఆ పద్ధతిలో అతనికి రుసుము తప్పుతుంది కానీ మీకు కొనుగోలు రక్షణ మొత్తంగా పోతుంది.

పేరు సరిచూసుకోవడం

నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో డబ్బు జమ అయ్యేది ఖాతా నంబరును బట్టే. మీరు రాసిన పేరు వేరుగా ఉన్నా జమ ఆగదు. ఈ లోటు తీర్చడానికి, ఖాతాదారు పేరును ముందే చూపించే సదుపాయాన్ని 2025 ఏప్రిల్ 1 నాటికి ఏర్పాటు చేయాలని రిజర్వు బ్యాంకు అన్ని బ్యాంకులకూ చెప్పింది. మీ నెట్‌బ్యాంకింగ్‌లో కొత్త ఖాతా చేర్చేటప్పుడు ఆ పేరు చదవకుండా ముందుకు పోవద్దు. యూపీఐలో కూడా పిన్ అడిగే ముందు బ్యాంకులో నమోదైన పేరు కనిపిస్తుంది, అది వాట్సాప్‌లో పెట్టుకున్న పేరు కన్నా నమ్మదగినది.

దీని విలువ నేను డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్నాను. కొన్నేళ్ళ కిందట మా ఇంట్లో కుట్టుపనికి పాత మిషను ఒకటి కొనాలని ప్రకటన చూసి, 3,000 రూపాయలు బయానా పంపాను. ప్రకటనలో ఒక పేరు, పిన్ నొక్కే ముందు తెర మీద ఇంకొక పేరు. బంధువుల ఖాతా అయి ఉంటుందిలే అని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. మరుసటి రోజు లోడింగ్ ఖర్చు అన్నారు, ఆ తరువాత "తిరిగి ఇచ్చేసే డిపాజిట్" అన్నారు. మొత్తం 7,500 రూపాయలు పోయాక ఆ నంబరు పనిచేయడం మానేసింది. డబ్బు కన్నా, తెర మీద కనిపించిన హెచ్చరికను చదివి కూడా దాటేశానే అన్న బాధ ఇప్పటికీ ఉంది.

పేరు తేడాగా ఉన్న ప్రతి చోటా మోసమే అనుకోనక్కరలేదు. ధర్మవరంలో నేసేది భర్త అయినా ఖాతా భార్య పేరునో కొడుకు పేరునో ఉండడం సహజమే. అలాంటప్పుడు "ఈ ఖాతా మా ఇంటామెది, ఈ చీర డబ్బు దానికే పంపమని నేనే చెబుతున్నాను" అని అమ్మే మనిషి చేత రాయించుకోండి లేదా వాయిస్ మెసేజ్ పెట్టించుకోండి. మొదట ఒక్క రూపాయి పంపి, అందిందని వారి నోటితో విన్నాకే తరువాతిది పంపండి. ఒక్క రూపాయి పంపి చూడడం ఖాతా పొరపాటును పట్టిస్తుంది గానీ మోసగాడిని పట్టించదు.

సరుకు గురించి ఏం అడగాలి

ఫొటోలు ఎక్కడి నుంచైనా తెచ్చుకోవచ్చు కాబట్టి వీడియో కాల్ అడగండి, కాల్‌లోనే ఆ రోజు పేపరును సరుకు పక్కన పెట్టమనండి. పట్టుచీర అయితే సిల్క్ మార్క్ చీటీని దగ్గరగా చూపించమని, దాని మీది నంబరు చదవమని అడగాలి. అది కేంద్ర పట్టు మండలి ఆధ్వర్యంలోని సంస్థ ఇచ్చే గుర్తు. ఆ గుర్తు పట్టు అసలుదని చెబుతుందే తప్ప, జరీ ఏపాటిదో, చీర చేమగ్గం మీద నేసినదో పవర్‌లూమ్ మీద నేసినదో చెప్పదు. ఆ రెండు సంగతులూ విడిగా అడిగి రాతలో తీసుకోవాలి, ఎందుకంటే ధరలో తేడా అంతా అక్కడే ఉంటుంది.

పాత ఫోను అయితే *#06# నొక్కి ఐఎంఈఐ నంబరు చూపించమనండి. ఆ నంబరును కేవైఎం అనే ఇంగ్లీషు అక్షరాల తరువాత రాసి 14422కు మెసేజ్ పంపినా, సంచార్ సాథీ వెబ్‌సైటులో చూసినా, దొంగ ఫోనుగా నిలిపివేసి ఉన్నారేమో తెలుస్తుంది. కర్ణాటక రిజిస్ట్రేషను ఉన్న బండి అయితే లెక్క పెరుగుతుంది. ఎంపరివాహన్ యాప్‌లో ఆర్‌సీ చూసి, ఫైనాన్సు కంపెనీ పేరున హెచ్.పి., అంటే బండి మీద అప్పు తాకట్టు, ఉందేమో చూడండి. ఉంటే అది తీసేసిన కాగితం, అంటే ఫారం 35, కావాలి. పేరు మార్చడానికి ఫారం 29, 30, రాష్ట్రం మారడానికి అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, కావాలి. ఇక్కడికి వచ్చాక మన రాష్ట్రంలో జీవితకాల పన్ను మళ్ళీ కట్టాలి. బండి చవకగా వస్తోందని సంతోషపడే ముందు ఈ పన్నును ధరలో కలిపి చూసుకోండి. బండి విషయంలో నా సలహా ఒకటే: డబ్బు ఆన్‌లైన్‌లోనే పంపండి, కానీ బండి పక్కన నిలబడి, ఆర్‌సీ చేతిలో పట్టుకుని పంపండి. అనంతపురం నుంచి బెంగళూరుకు ఒక రోజులో వెళ్ళి రావచ్చు. వీలు కాకపోతే అక్కడ ఉన్న బావమరిదినో స్నేహితుణ్ణో వెళ్ళి చూడమని అడగడంలో మొహమాటం అక్కరలేదు.

బయానా ఎంత, మిగతాది ఎప్పుడు

మొత్తం డబ్బు ముందే పంపడం మానుకుంటే సగం కష్టం తప్పినట్టే. పోయినా తట్టుకోగలిగినంతే బయానా ఇవ్వండి, 15,000 రూపాయల చీరకు వెయ్యో పదిహేను వందలో చాలు. ఆర్టీసీ కార్గోలోనో ట్రావెల్స్ పార్సిలులోనో వేస్తే, రసీదు అంటే ఎల్‌ఆర్ ఫొటో వచ్చాక కొంత, పార్సిలు విప్పి చూశాక మిగతాది అని ముందే మాట్లాడుకోండి. రసీదు ఫొటో వచ్చిందని నమ్మకుండా, దాని మీది నంబరుతో పార్సిలు ఆఫీసుకు మీరే ఫోను చేయాలి. క్యాష్ ఆన్ డెలివరీ ఉంటే దానికి యాభయ్యో వందో ఎక్కువ అడిగినా ఇవ్వండి. అది కట్టను విప్పి చూపించే పద్ధతి కాదు గానీ, కనీసం ఒక పార్సిలు బయలుదేరిందన్న హామీ ఇస్తుంది.

డబ్బు పంపే ముందు ఒప్పందాన్ని ఒకే సందేశంలో రాసి, అవతలివారు "సరే" అని జవాబిచ్చాకే పిన్ నొక్కండి. ఇలా రాయవచ్చు: "అన్నా, మనం అనుకున్నది ఇది. ఎరుపు మీద బంగారు అంచు, చేమగ్గం పట్టుచీర, సిల్క్ మార్క్ నంబరు ఫలానా, ధర 14,500. ఈ రోజు బయానా 1,500 పంపుతున్నాను. శుక్రవారం లోపల కార్గోలో వేసి ఎల్‌ఆర్ పంపితే 5,000, చీర చూసుకున్న రోజే మిగతా 8,000 పంపుతాను. చీర చెప్పినట్టు లేకపోతే మూడు రోజుల్లో తిప్పి పంపుతాను, మీరు డబ్బు వాపసు ఇస్తారు. సరేనా అన్నా?" నిజాయితీగా అమ్మేవారు ఒకటి రెండు షరతులు మార్చమని అడుగుతారు. అది మంచి లక్షణమే, ఎందుకంటే వారికీ కొనేవాళ్ళ చేత మోసపోయిన అనుభవాలు ఉంటాయి. పార్సిలు విప్పేటప్పుడు సీలు కనిపించేలా మొదటి నుంచి చివరి వరకు ఆపకుండా వీడియో తీయండి.

డబ్బు తీసుకోవడానికి పిన్ అవసరం ఉండదు, క్యూఆర్ స్కాన్ చేయవలసిన పని కూడా ఉండదు. "వాపసు ఇస్తున్నాను, ఇది స్కాన్ చెయ్యండి" అని ఎవరన్నా అంటే ఫోను పెట్టేయండి. వ్యక్తులు ఒకరినొకరు డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్టులను యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి ఆపేసింది, అయినా క్యూఆర్ ఎర ఇంకా పోలేదు.

తేడా వస్తే

ముందుగా జరిగింది ఏమిటో వేరు చేసుకోండి. మీ ఖాతాలో డబ్బు తగ్గి అవతల జమ కాకపోతే అది సాంకేతిక లోపం. వ్యక్తి ఖాతాకు పంపిన యూపీఐ, ఐఎంపీఎస్ లావాదేవీలలో అలాంటి డబ్బు మరుసటి రోజు లోపల వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకు పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019లో ఆదేశించింది. కంగారుపడి మళ్ళీ పంపకుండా ఆగండి.

డబ్బు తీసుకుని మనిషి మాయమైతే అది మోసం. ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి, లేదా జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. లావాదేవీ నంబరు, సమయం, మొత్తం, అవతలి యూపీఐ ఐడీ చేతిలో పెట్టుకుని మాట్లాడాలి. ఆ డబ్బు మోసగాడి ఖాతా నుంచి ఇంకొక ఖాతాకు దాటిపోకముందే నిలిపివేయించడం దీని ఉద్దేశం కాబట్టి, సాయంత్రం పెద్దవాళ్ళను అడిగి చేద్దామని ఆగితే అప్పటికి ఆ ఖాతా ఖాళీ అయిపోవచ్చు. మీ బ్యాంకుకు కూడా చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోండి. అనుమతి లేని లావాదేవీని మూడు పనిదినాల్లో తెలియజేస్తే ఖాతాదారుకు నష్టం ఉండదని రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఆదేశాలను చాలామంది ఇక్కడ చూపుతారు, కానీ మీ చేత్తో మీరే పిన్ నొక్కి పంపిన డబ్బు ఆ కోవలోకి రాదు. బ్యాంకు మీ ఫిర్యాదును 30 రోజులైనా తేల్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా రాయవచ్చు. పోలీసు స్టేషనులో కేసు పెట్టవలసి వస్తే అది భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షను కింద, అంటే పాత 420 కింద వచ్చే మోసం.

మనిషి దొరుకుతూనే ఉండి, సరుకు మాత్రం చెప్పినట్టు లేకపోతే దానికి 1930 సరైన చోటు కాదు. అమ్మేది వ్యాపారి అయితే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. అక్కడ తేలకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లోనే, ఫిర్యాదు వేయవచ్చు. అమ్మకందారు సూరత్‌లో ఉన్నా సరే, మీరు నివసించే చోట వేయడానికి 2019 చట్టం అనుమతిస్తుంది. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపల ఉంటే ఫీజు లేదు. బయానా మాత్రమే కట్టి, మిగతాది కడతానని మాట ఇచ్చినవారు కూడా వినియోగదారులే.

ఈ ఫిర్యాదుకు గడువు రెండేళ్ళు. కాబట్టి బేరం మాటలు, "సరే" అన్న జవాబు, రసీదు, పార్సిలు విప్పిన వీడియో అన్నింటినీ అప్పటిదాకా చెరపకుండా ఉంచుకోండి. ఈలోగా ఫోను మార్చితే వాట్సాప్ బ్యాకప్ కొత్త ఫోనులోకి వచ్చిందో లేదో, ఆ సంభాషణ తెరుచుకుంటోందో లేదో చూసుకున్న తరువాతే పాతదాన్ని అమ్మకానికి పెట్టండి.